డెల్మర్ కుడి చెయ్యి

మా కొట్టుకు వచ్చేవాళ్ళ మొహాలు నేను ఆలస్యంగా చూస్తాను. ముందు చేతులు చూస్తాను. తుపాకీ మొహంతో పట్టుకునేది కాదు కదా. పెద్ద గొంతు వేసుకుని వచ్చి, పూచికపుల్లల్లాంటి వేళ్ళు బల్ల మీద పెట్టి, అన్నిటికంటే పెద్ద తుపాకీ చూపించమనే మగవాళ్ళను ఎంతమందిని చూశానో లెక్కలేదు. వాళ్ళకు నా నోటికొచ్చింది చెబుతాను, వాళ్ళు పక్క ఊరి కొట్టుకు పోతారు. మా నాన్న బతికుండగా "లవెర్న్ నోటివల్ల పోయిన బేరాలతో ఇంకో కొట్టు పెట్టొచ్చు" అనేవాడు. ఇప్పుడాయన లేడు. కొట్టు ఉంది, నోరూ ఉంది. మధ్యలో ఒక మొగుడు కూడా ఉండేవాడు గానీ ఆ సంగతి ఇక్కడ అనవసరం.

డెల్మర్ టిప్టన్ చేతులు మాత్రం నేను కొత్తగా చూడాల్సినవి కావు. మా డన్నెల్ ఊళ్ళో ఆ చేతులు తెలియని ఇల్లు లేదు. పనిచేసినంత కాలం ఆయన ఇళ్ళకు వంటకూ వెచ్చదనానికీ గ్యాసు నింపే లారీ నడిపాడు. ఈ ఓక్లహోమా చలిగాలికి పశువులు కూడా కొట్టం వదిలి రాని రోజుల్లో, ఎంత దూరపు పొలంలో ఇల్లున్నా సరే, పెరట్లో ట్యాంకు ఖాళీ అయ్యేలోపు ఆయన గొట్టం ఈడ్చుకుంటూ వచ్చేవాడు. ఆ చలికి వేళ్ళ కణుపులు ఉసిరికాయల్లా ఉబ్బిపోయాయి. ఎడమ చూపుడువేలు ఒకసారి గొట్టం బిగించేచోట నలిగి, సగం వంగి అలాగే ఉండిపోయింది.

పిల్లల్లేరు. భార్య ఓపల్ చనిపోయాక ఆయనకు ఇంట్లో పలకరించే దిక్కు లేకుండా పోయింది. మధ్యాహ్నం హోటల్లో అదే కుర్చీలో కూర్చుని చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె తినేవాడు. వడ్డించే పిల్ల ఏం కావాలని కూడా అడగడం మానేసింది, ఎందుకంటే అడగకుండానే తెలుసు. దాన్ని ఆ పిల్ల మర్యాద అనుకుంది. ఒంటరివాడికి ఆ ఒక్క ప్రశ్న కూడా పోయిందని ఎవరికి తోస్తుంది?

ఆయనకు మిగిలింది ఆదివారం. మా చర్చి ఎడమ గుమ్మం ఆయనది. ఆ రోజు పాటల కాగితం ఎడమచేత్తో అందిస్తూ, కుడిచేత్తో మన చెయ్యి పట్టుకుని, "ట్యాంకులో ఎంతుంది?" అని అడిగేవాడు. లారీ దిగి ఎన్నేళ్ళయినా ఆ ప్రశ్న మానలేదు. కరెంటు పొయ్యి వాడేవాళ్ళను కూడా అడిగేవాడు. మేమంతా "సగముంది డెల్మర్ గారూ" అని నవ్వుతూ లోపలికి పోయేవాళ్ళం. లోపల ఎవరి కుటుంబం వాళ్ళది, ఎవరి బల్ల వాళ్ళది. ఆయన లేచి వెళ్ళి నలుగురి మధ్యకు దూరి పలకరించే మనిషి కాదు. గుమ్మంలో నిలబడితేనే మనిషికి చెయ్యి చాచే హక్కు తనకున్నట్టు ఉండేవాడు.

ఆ డెల్మర్ ఒక మంగళవారం మా కొట్టులోకి వచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"లవెర్నూ, నాకో చిన్న రివాల్వర్ కావాలమ్మాయ్. ఒంటిమీద ఉన్నట్టు ఎవరికీ తెలీకూడదు."

పొయ్యి దగ్గర కూర్చుని ఊరికే వచ్చే కాఫీ తాగడమే పనిగా పెట్టుకున్న బ్యూల్ అనే ముసలాడు ఒకడున్నాడు మా కొట్టుకు, కుర్చీతో సహా. వాడు పెద్దగా నవ్వాడు.

"ఏంటి డెల్మరూ, దేవుణ్ణి కాపాడ్డానికి నువ్వు బయల్దేరావా? ఇన్నాళ్ళూ నువ్వు లేకుండా ఎట్లా నెట్టుకొచ్చాడో పాపం!"

"నోర్ముయ్ బ్యూల్. నీ ట్యాంకులో ఎంతుందో చూసుకో ముందు."

నేను బ్యూల్ వైపు ఒక చూపు చూసి, డెల్మర్ వైపు తిరిగాను. "నిజం చెప్పండి. పెరట్లో పాము కనబడితే దాన్ని పారతో పక్కింటి చేలోకి నెట్టే మనిషి మీరు. మీకెందుకు రివాల్వరు?"

ఆయన టోపీ అంచు తిప్పుతూ చెప్పాడు. ఎక్కడో దూరాన వేరే రాష్ట్రంలో ఒక చర్చిలోకి దుర్మార్గుడొకడు తుపాకీతో జొరబడ్డ వార్త టీవీలో వచ్చాక, మా చర్చిలోనూ కాపలా జట్టు ఒకటి పెట్టారు. షెరీఫ్ దగ్గర పోలీసుగా పనిచేసి దిగిపోయిన రాండల్ దానికి పెద్ద. ఇకమీదట గుమ్మాల దగ్గర నిలబడేవాళ్ళంతా బట్టల కింద తుపాకీ పెట్టుకోవాలి, గురి పరీక్ష పాసవ్వాలి. కాదంటే గుమ్మం ఇంకొకరికి ఇచ్చెయ్యాలి.

"ఇచ్చెయ్యొచ్చుగా. కాళ్ళు నొప్పులంటారుగా మీరు. హాయిగా కూర్చోండి."

"కూర్చోవచ్చు." టోపీ మళ్ళీ తిప్పాడు. "ఆ గుమ్మం కూడా పోతే నాకు ఆదివారం కూడా బుధవారమే అమ్మాయ్."

బ్యూల్ కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. నేను గాజుబల్ల తాళం తీశాను.

రివాల్వర్ కొనేటప్పుడు బొటనవేలి సందు నుంచి చూపుడువేలి కొస దాకా చెయ్యి ఎంత ఉందో చూస్తాం. ట్రిగ్గర్ మీద వేలు సగం అందితే ఒక బాధ, మరీ ఎక్కువగా చుట్టుకుంటే ఇంకో బాధ. అందుకని ఆయన కుడిచెయ్యి తీసుకుని నా అరచేతిలో పరిచాను. వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూశాను. పని అయిపోయింది. నేను చెయ్యి వదిలాను గానీ ఆయన తియ్యలేదు. అలాగే నా చేతిలో ఉంచి, గోడ మీది జింక తలకాయ వైపు చూస్తూ అన్నాడు.

"ఆదివారం తర్వాత ఇదేనమ్మాయ్, ఎవరైనా పట్టుకోవడం."

నేను ముద్దూమురిపాల మనిషిని కాను. ఎవరైనా కౌగిలించుకోబోతే కర్రలా బిగుసుకుపోతాను. కానీ ఆ మాట విన్నాక వేళ్ళు ఇంకోసారి కొలవాలని అబద్ధమాడి, ఆ చెయ్యి మళ్ళీ పట్టుకున్నాను.

ఆయన కన్ను అన్నిటికంటే చిన్నదాని మీద పడింది. తేలిక లోహంతో చేసింది, జేబులో వేసుకుంటే తాళాలగుత్తి అంత బరువు కూడా ఉండదు. "ఇదే" అన్నాడు. అది వద్దని చెప్పాను. ఎంత చిన్నదయితే అంత సుఖమని అందరూ పొరబడతారు. ఆడవాళ్ళకు ముచ్చటగా ఉంటుందని అమ్మేవాళ్ళూ దాన్నే అంటగడతారు. బరువున్న తుపాకీ దెబ్బను తనే మింగుతుంది, తేలికది చేతికి వదిలేస్తుంది. పిట్ట కొంచెం, కూత ఘనం. చెబితే వింటాడా! సరే, కొట్టు వెనక మట్టిగట్టు దగ్గరికి తీసుకెళ్ళి, చెవులకు మూతలు పెట్టి, ఐదు తూటాలు నింపి ఇచ్చాను. మొదటిది పేల్చాక చెయ్యి విదిలించుకున్నాడు. రెండోదానికి "అమ్మో" అన్నాడు. మూడోది పేల్చకుండా జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, అరచెయ్యి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది దొంగ కోసమా, నా కోసమా?"

"చెప్పానుగా."

తర్వాత ఉక్కుది తీశాను. అదీ చిన్నదే, కానీ చేతిలో రాయిలా కూర్చుంటుంది. ఉక్కువాటిలో మొదట ఇచ్చినదానికి వెనక సుత్తిలా పైకి లేచే ముక్క ఉంది. "జేబులోంచి లాగేటప్పుడు ఇది గుడ్డకు తగులుకుంటే మీరు ప్యాంటుతో కుస్తీ పట్టాలి" అని, ఆ ముక్క లోపలే దాగి ఉండేది ఇచ్చాను. దానికి ట్రిగ్గర్ ప్రతిసారీ నిండుగా, బలంగా లాగాలి. ఆయన కణుపులకు అది పెద్ద పరీక్ష. పళ్ళు బిగించి లాగాడు. మొదట గురి మట్టిగట్టుకే, కాగితానికి కాదు. సాయంత్రానికి కాగితం అంచు చిరిగింది. పిడికి మెత్తటి రబ్బరు తొడుగు వేద్దామంటే అది జేబులో ఉబ్బెత్తుగా కనబడింది, సన్నటి చెక్కది వేశాను. ప్యాంటు కుడి జేబులో పట్టే తోలు ఒర ఒకటి వెతికి ఇచ్చాను.

"ఇంక ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. తాళాలు వద్దు, పిప్పరమెంట్లు వద్దు, చేతిగుడ్డ కూడా వద్దు. ట్రిగ్గర్‌కి ఏదీ తగలకూడదు."

"ఓపల్ రాసిన చీటీ ఒకటుంటుంది."

"అది కూడా వద్దు. ఎడమ జేబులో పెట్టుకోండి."

బుద్ధిగా తలూపాడు.

ఇల్లలకగానే పండగ కాదు. ఆయన ఇంట్లో ఉత్తుత్తి తూటాలు పెట్టుకుని, రోజూ సాయంత్రం టీవీ ముందు ట్రిగ్గర్ లాగడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ టీవీలో ఏం వస్తోందో ఆయనకు పట్టదు. అనుమానం వచ్చినప్పుడల్లా నాకు ఫోను. తోలుకు నూనె రాయాలా? చొక్కా లోపలికి దోపుకోవాలా, బయటికి వదలాలా? కుర్చీలో కూర్చుంటే పిడి బయటికి కనబడుతుందా? అడిగిందే మళ్ళీ అడిగేవాడు. అది అనుమానం కాదని నాకు తెలుసు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, బంగాళదుంపలు తరుక్కుంటూ, చెప్పిందే మళ్ళీ చెప్పేదాన్ని. ఒక్కోసారి ఇద్దరం ఏమీ మాట్లాడేవాళ్ళం కాదు. అటువైపు ట్రిగ్గర్ టిక్కుమని వినిపించేది.

పరీక్ష ఒక శనివారం పొద్దున మా కొట్టు వెనకే జరిగింది. జట్టువాళ్ళంతా వచ్చారు. డెల్మర్ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్ళికొడుకులాగా. రాండల్ నిలబడి చెబుతుంటే ఒక్కో తూటా నెమ్మదిగా, నాలుక బయటపెట్టి, పేల్చాడు. పరీక్షకు కావలసినంత దగ్గరదగ్గరగా అన్నీ కాగితంలో పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. బ్యూల్ కూడా "ఇక దేవుడికి భయం లేదురా" అన్నాడు, ఈసారి ప్రేమగానే. డెల్మర్ నావైపు చూసి నవ్విన నవ్వు ఇంకా నా కళ్ళ ముందుంది. గుమ్మం తనకు దక్కిందని ఆయన సంతోషం.

తరవాత డోనట్ల డబ్బా తెరిచి, రాండల్ నియమాలు చెప్పాడు. ఎవరికీ తుపాకీ చూపించకూడదు. దాని గురించి మాట్లాడకూడదు. కోటు గుండీలు పెట్టకూడదు. ఆ తర్వాత ఇంకొకటి.

"తుపాకీ తీసే చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, బ్రదర్స్. గుమ్మంలో ఎవరికీ చెయ్యివ్వకండి. మీ చెయ్యి ఇంకొకరి చేతిలో ఇరుక్కున్న సమయమే చెడ్డవాడికి కావాలి. తల ఊపండి, నవ్వండి, చాలు."

ఈ మాట మా వ్యాపారంలో అందరికీ తెలుసు. డెల్మర్‌కు తెలియదు. దాన్ని ఆయన గుమ్మంతో ముడిపెట్టి చూడాలని మాలో ఎవరికీ తట్టలేదు. డోనట్ సగం కొరికి ఆగిపోయాడు.

"ఎవరికీనా? ముసలమ్మలకి కూడానా?"

"ఎవరికైనా ఒకటే, బ్రదర్ డెల్మర్. రేపు ఎవరు ఎవరో మనకేం తెలుసు?"

రాండల్ చెడ్డవాడు కాదు. చిన్నపిల్లల గది ముందు తనే నిలబడతాడు, అవసరమైతే తనే అడ్డం పడతాడు. అతని మాట తప్పని నేను అనలేను. అందుకే ఇంకా కోపం వచ్చింది నాకు. తప్పు చేసినవాణ్ణి తిట్టొచ్చు. ఇక్కడ తిట్టడానికి ఎవరూ లేరు.

ఆ ఆదివారం నేను ఎడమ గుమ్మం నుంచే వెళ్ళాను. ఆయన కోటు గుండీలు విప్పి, కుడిచెయ్యి తొడ పక్కన వదిలేసి, ఎడమచేత్తో కాగితాలిస్తున్నాడు. ముందున్న ముసలావిడ అలవాటుగా చెయ్యి చాచింది. ఆయన తల ఊపాడు. ఆవిడ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంచి, "ఒంట్లో బాలేదా డెల్మర్ గారూ?" అంది. కారణం చెప్పకూడదు కదా. "బానే ఉందమ్మా, ట్యాంకులో ఎంతుంది?" అన్నాడు. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు.

మనుషులు త్వరగా నేర్చుకుంటారు. ఆ నెల తిరిగేసరికి చెయ్యి చాచేవాళ్ళు లేరు. కాగితం తీసుకుని, తల ఊపి పోతున్నారు. ఆయన అడిగే ప్రశ్న కూడా చిన్నబోయి చిన్నబోయి, ఒక ఆదివారం అసలు లేకుండా పోయింది. గుమ్మం నిలబెట్టుకోవడానికి ఆయన కొన్న రివాల్వరే, ఆ గుమ్మంలో ఆయనకు కావలసిన ఒక్కదాన్నీ తీసేసింది.

ఒకరోజు మళ్ళీ కొట్టుకు వచ్చాడు, మొహంలో కొత్త ఆశతో.

"లవెర్నూ, ఎడమచేత్తో పేల్చడం నేర్పించు. అప్పుడు కుడిచెయ్యి ఇంకొకరికి ఇవ్వొచ్చు. రాండల్‌ని అడిగాను. ఎడమచేత్తో పరీక్ష పాసైతే అభ్యంతరం లేదన్నాడు."

నాకెందుకు తట్టలేదా అనిపించింది. రివాల్వర్‌కి ఏ చెయ్యైనా ఒకటే. గబగబా మట్టిగట్టు దగ్గరికి వెళ్ళాం. ఎడమచెయ్యి చుట్టూ పిడి సరిగ్గానే కూర్చుంది. కానీ ఆ వంగిపోయిన వేలు. ట్రిగ్గర్ మీద ఆనింది, లాగడం మొదలుపెట్టింది, సగం దూరం పోయి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. చెయ్యంతా వణికింది, తుపాకీ మొన నేలకు వంగింది. మధ్యవేలితో ప్రయత్నించాడు. అది అసలు కుదరలేదు. తేలిగ్గా లాగగలిగేలా ట్రిగ్గర్ మార్చే మిస్త్రీలున్నారు, కానీ మరీ తేలికైనదాన్ని జేబులో పెట్టుకు తిరగనివ్వడానికి నా మనసు ఒప్పలేదు. చలిలో చెమట పట్టింది ఆయనకు.

"ఇంకొక్కసారి" అన్నాడు.

"వద్దండి."

"ఒక్కసారమ్మాయ్."

ఆ ఒక్కసారీ అంతే. తూటాలు తీసి, చక్రం ఖాళీగా ఉందని నాకు చూపించి, నేను నేర్పినట్టే చేసి, రివాల్వర్ నా చేతిలో పెట్టాడు.

"ఎవరికైనా అమ్మెయ్. మంచి రివాల్వరు. నువ్వు బాగా ఎంచావు."

"మరి గుమ్మం?"

"ట్రెంట్‌కి ఇమ్మని రాండల్‌తో చెబుతాను. కుర్రాడు, చురుకైనవాడు." తోలు ఒర కూడా తీసి బల్ల మీద పెట్టాడు. తేలికపడ్డట్టు కుడి జేబు మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. "ఒకందుకు మంచిదేలే. ఇక నేనూ అందరిలాంటివాణ్ణే. నడుచుకుంటూ వస్తాను, గుమ్మంలో చెయ్యి కలుపుతాను, పోయి కూర్చుంటాను."

నేను ఆ రివాల్వర్‌ని తుడిచిందే మళ్ళీ తుడిచాను.  

ఆ ఆదివారం ఆరాధన తర్వాత భోజనాలు. నేను మక్రోనీ వండిన గిన్నె రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కుతున్నాను. నా ముందు డెల్మర్. ఆయన అదే తెల్లచొక్కా వేసుకున్నాడు. గుమ్మంలో ట్రెంట్, కోటు గుండీలు విప్పుకుని, చక్కగా నిలబడ్డాడు. డెల్మర్ మొహమంతా నవ్వుతో దగ్గరికి వెళ్ళి, కుడిచెయ్యి చాచాడు.

"గుడ్ మార్నింగ్, బ్రదర్ డెల్మర్" అని ట్రెంట్ నవ్వి, తల ఊపి, ఎడమచేత్తో కాగితం అందించాడు.

డెల్మర్ చెయ్యి అలాగే కాసేపు ఉండిపోయింది. వెనక నుంచి నాకు ఆయన మెడ మాత్రం కనబడుతోంది. అది ఎర్రబడింది. చేతిని నెమ్మదిగా కిందికి దించి, కాగితం తీసుకున్నాడు.

"అదీ. అలాగే నిలబడాలి బాబూ. కుడిచెయ్యి ఎవరికీ ఇవ్వకు" అని మెచ్చుకుని, లోపలికి అడుగు వేశాడు.

"డెల్మర్ గారూ!" అని అరిచాను. చర్చిలో అరిచేవాళ్ళంటే నాకు పడదు. గిన్నె అక్కడే మెట్టు మీద పెట్టేశాను. ఆయన వెనక్కి తిరిగాడు. నేను నా చెయ్యి చాచాను. ఆయన ఆ చేతి వైపూ నావైపూ చూసి, ముందు తన అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. తర్వాత పట్టుకున్నాడు, వదల్లేదు.  మా వెనక వరసంతా మెట్ల మీద ఆగిపోయింది, ఎవరో దగ్గారు. ఆగనీ అనుకున్నాను.